కొల్లేటికి చుక్కల గీత

మైదానం చుట్టూ తిరిగినన్నాళ్ళూ మద్రాసులో నా అంత పైలటు లేడు. ఈ మాట నేనే అంటున్నాను, ఎందుకంటే అప్పట్లో కూడా అనేవాణ్ణి నేనొక్కణ్ణే. ఏలూరు మిషన్ స్కూలు మాస్టారి కొడుకుని. ఒక స్కాలర్‌షిప్పు పుణ్యమా అని విమానం నేర్చుకోవడానికి వెళ్ళాను. ఎగరడం, ఒక చుట్టు తిరగడం, దిగడం. గానుగెద్దు కూడా దారి తప్పదు కదా అని ఆ రోజుల్లో నాతో అన్నవాళ్ళు లేరు, అన్నా నేను వినేవాణ్ణి కాదు.

మాకు నేర్పేది ఒక దొర. మాటలు తక్కువ మనిషి. "లైసెన్సు కావాలంటే ఒక్కడివే దూరప్రయాణం చేసి రావాలి. దిగిన ఊళ్ళో పెద్దమనిషి చేత, ఇక్కడే దిగాడని కాగితం మీద సంతకం పెట్టించుకుని రా," అన్నాడు. ఆ నెలాఖరుకి నా స్కాలర్‌షిప్పు గడువు అయిపోతుంది. ఈలోగా లైసెన్సు రాకపోతే నాన్నగారి స్కూల్లోనే డ్రిల్లు మాస్టారి ఉద్యోగం నాకోసం కాచుకుని ఉంది. మబ్బుల్లో తిరుగుతున్నానని ఊరందరికీ ఉత్తరాలు రాసినవాణ్ణి, ఇప్పుడు ఈల మెళ్ళో వేసుకుని ఎండలో నిలబడాలా? అంతకన్నా బంగాళాఖాతంలో పడిపోవడమే మర్యాద అనిపించింది.

బెజవాడ దగ్గర దిగి పెట్రోలు పోసుకుని, అక్కణ్ణుంచి తాడేపల్లిగూడెం వెళ్ళాలని ఏర్పాటు. గూడెంలో మా మేనమామ తన పొలంలో గుర్తుగా తెల్ల దుప్పట్లు పరిపిస్తానన్నాడు. నాన్నగారు ఏలూరు నుంచి అక్కడికొచ్చి చూస్తానని రాశారు.

"బెజవాడ దాటాక రైలు పట్టాలు పట్టుకుని వెళ్ళు," అన్నాడు దొర.

నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "మా ప్రాంతానికి నాకు పట్టాలెందుకు సర్? కుడిచేతి వైపు కొల్లేరు, ఎడమచేతి వైపు మెట్ట. కళ్ళు మూసుకుని వెళ్ళిపోతాను."

"తెరుచుకునే వెళ్ళు," అన్నాడు దొర.

ఇక్కడ నాన్నగారి సంగతి కొంచెం చెప్పాలి. ఆయన జాగ్రఫీ మాస్టారు. ఏటా పిల్లల చేత జిల్లా మ్యాపు గీయించేవారు. కొల్లేటిని నీలం పెన్సిలుతో నింపాక, దాని లోపల ఇంకో చిన్న గీత చుక్కలతో గీయమనేవారు. "ఇది వేసవి కొల్లేరు. వానల్లో కొల్లేరు వేరు, ఎండల్లో కొల్లేరు వేరు. చుక్కలు లేని మ్యాపు సగం అబద్ధంరా," అనేవారు. ఆ చుక్కలు ఆయన ఏ పుస్తకంలోనూ చూసి పెట్టినవి కావు. వేసవి సెలవుల్లో గొడుగేసుకుని గట్ల వెంబడి నడిచి, లంకల్లో వాళ్ళని అడిగి అడిగి పెట్టినవి. నేను మాత్రం జన్మలో ఒక్క చుక్క పెట్టిన పాపాన పోలేదు. బద్ధకం. అందుకు ఏటా రెండు మార్కులు తగ్గించేవారు, కన్నకొడుకని కూడా చూసేవారు కాదు.

మే నెల. బెజవాడలో పెట్రోలు పోసుకుని, రాత్రికి అక్కడే పడుకుని, పొద్దున్నే గాల్లోకి లేచాను. దర్జాగా పట్టాలని వదిలేసి, దిక్సూచిని నమ్ముకుని, కుడివైపు కొల్లేటి కోసం చూస్తూ కూచున్నాను. నా ఒళ్ళో ఉన్న మ్యాపులో కొల్లేరు అరచెయ్యంత మేర నీలంగా ఉంది. కింద చూస్తే నీళ్ళు లేవు. బీటలు వారిన నేల, ఎండిన తుంగ, అక్కడక్కడా గేదెలు. ఏలూరు దుమ్ములో ఎక్కడో కలిసిపోయింది. ఇంకా కొల్లేటి దాకా రాలేదనుకుని ముందుకు పోయాను. తర్వాత, కొల్లేరు ఇంకా కుడివైపున ఉందనుకుని కుడికి తిరిగాను. మళ్ళీ కొంచెం కుడికి. అసలు సంగతేమిటంటే అప్పటికే నేను ఎండిపోయిన కొల్లేటి నెత్తినే ఉన్నాను, మిగిలిన ఆ కాసిని నీళ్ళూ దుమ్ములో నా కంట పడలేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూసిన చెరువు మీద తిరుగుతూ ఆ చెరువు కోసమే వెతుకుతున్నాను.

పెట్రోలు ముల్లు కిందికి జారుతుంటే నా గొప్పలు కూడా దాంతోపాటే జారాయి. భయమేసింది. నిజంగానే భయమేసింది. ఉత్తరానికి తిప్పి, ఏదో ఒక రోడ్డు కనపడితే చాలు దేవుడా అనుకుంటూ వెళ్ళాను. చివరికి రోడ్డు కనపడింది, పక్కనే కోసేసిన చేను కనపడింది. మూడుసార్లు ఎగిరెగిరి పడి ఆగాను.

జనం పరుగెత్తుకొచ్చారు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, వీలైనంత హుందాగా అడిగాను. "ఏవండీ, ఇది గూడెమేనాండీ?"

"గూడెమెక్కడండీ బాబూ! ఇది గుండుగొలనండి," అన్నాడొకాయన.

"అంత పైనుంచి చూసినా కనపడలేదాండీ తమరికి?" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ. పొలమంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను?

గ్రామ మునసబుగారు వచ్చారు. మంచం వేయించారు, తాటిముంజలు కొట్టించారు. నా కాగితం సంగతి విని బొత్తిగా మొహమాటం లేకుండా కలం తీశారు. "తమరు ఎక్కడ దిగానంటే అక్కడే దిగారండి. ఏ ఊరు రాయమంటారు?"

వద్దనాలి. అనలేదు. డ్రిల్లు ఈల చెవిలో మోగుతోంది. "తాడేపల్లిగూడెం అని రాయండి," అన్నాను. ఆయన ఆ ఊరి పేరు ఇంగ్లీషులో పొందిగ్గా రాసి, సంతకం పెట్టి, ఇంకో ముంజ తినమన్నారు.

ఈలోగా ఏలూరు నుంచి గూడెం వెళ్ళే బస్సు మా పక్కనుంచి వెళ్ళింది, విమానం వార్త దాంతోనే గూడెం చేరింది. మధ్యాహ్నం తిరుగు బస్సులో నాన్నగారు దిగారు. కోటు, తెల్ల పంచె, చేతిలో పెట్రోలు డబ్బా. దారిపొడుగునా దాన్ని ఒళ్ళోనే పెట్టుకొచ్చారట, పంచె మీద నూనె మరక. విమానం వైపు చూడలేదు. ముందు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"దెబ్బలేం తగల్లేదు కదా?"

"లేదండీ."

"కాగితం ఏదీ?"

ఇచ్చాను. చదివారు. ప్రార్థన మొదలుపెడతారేమో అనుకున్నాను. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశారు. తాడేపల్లిగూడెం కొట్టేసి, గుండుగొలను అని రాసి, దాని కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశారు: "ఈ పైలటు కొల్లేటి మీద దారి తప్పి ఇక్కడ దిగాడు. అతనికి జాగ్రఫీ చెప్పింది నేనే గనక తప్పులో నాకూ వాటా ఉంది." సంతకం పెట్టి, మునసబుగారికి నమస్కారం చేసి, పెట్రోలు ఎక్కడ పోయాలో చూపించమన్నారు. తిట్టినా బాగుండేది.

మద్రాసులో దొర ఆ కాగితం రెండుసార్లు చదివాడు. లైసెన్సు మాట దేవుడెరుగు, నా పెట్టే బేడా సర్దుకోవడం గురించి ఆలోచిస్తూ నిలబడ్డాను.

"దారి తప్పి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. ఎక్కడ తప్పారో రాయించుకొచ్చినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. దూరం పంపేది చేరతావా లేదా చూడ్డానికి మాత్రమే కాదు, తప్పితే తప్పానని ఒప్పుకుంటావా లేదా చూడ్డానికి కూడా. సోమవారం మళ్ళీ వెళ్ళు," అన్నాడు.

ఆ మెప్పు నాది కాదని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటితో "థాంక్యూ సర్" అన్నాను.

ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, మ్యాపు ముందేసుకుని, బతుకులో మొదటిసారి కొల్లేటికి చుక్కల గీత గీశాను. గుర్తున్నంతవరకు, నాన్నగారు నల్లబల్ల మీద గీసినట్టే. సోమవారం బెజవాడ దాటాక పట్టాల్ని వదల్లేదు. ఏలూరు దాటాక కుడివైపు వంగి చూశాను. దూరంగా, గోధుమరంగు నేల మధ్య, కొంచెం నీళ్ళు. ఆ నీళ్ళ అంచు నా ఒళ్ళో ఉంది, చుక్కలు చుక్కలుగా.

గూడెంలో తెల్ల దుప్పట్ల మీదికి సరిగ్గా దిగాను. మామయ్య చంకనెత్తుకున్నంత పని చేశాడు. నాన్నగారు కాగితం తీసుకుని సంతకం పెట్టారు. దొర మెచ్చుకున్న సంగతి, ఆ మెప్పు నేను కొట్టేసిన సంగతి చెప్పేశాను. ఆయన విన్నట్టు లేరు. నా చేతిలో మ్యాపు చూస్తున్నారు.

"పైనుంచి కనపడిందా?" అన్నారు.

"కనపడిందండీ."

"ఆకివీడు వైపు నీళ్ళ అంచు లోపలికి వంపు తిరుగుతుందా? నడిచినప్పుడు తిరిగినట్టే అనిపించింది. గట్టిగా చెప్పడానికి చూసినవాళ్ళెవరూ లేరు." మాస్టారి గొంతు కాదది. మొదటి బెంచీలో కూచున్న పిల్లాడి గొంతు.

"తిరుగుతుంది నాన్నగారండీ. అచ్చం మీరు గీసినట్టే ఉంది."

ఆయన చుక్కల మీద వేలు పెట్టి, చివరిదాకా మెల్లగా నడిపించుకుంటూ పోయారు.