బెల్టు దగ్గర న్యూట్రాన్లు

జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను కెమిస్టుని. నందిగామ నుంచి రోజూ కంపెనీ బస్సులో వెళ్తాను. కొన్నేళ్ల కిందట మా క్రషర్ నుంచి వచ్చే బెల్టు మీద ఒక పెద్ద పెట్టె బిగించారు. సున్నపురాయి దాని మధ్యలోంచి వెళుతుంది. పెట్టె లోపల ఆవగింజంత కాలిఫోర్నియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది. దాన్నుంచి న్యూట్రాన్లు ఆగకుండా వస్తూ రాతిలోకి దూరుతాయి. న్యూట్రాన్‌ని మింగిన కేంద్రకం గామా కిరణాలు వదులుతుంది. కాల్షియం వదిలేవి ఒక రకం, సిలికాన్ వదిలేవి ఇంకో రకం. వాటిని బట్టి రాయిలో సున్నం ఎంతో నిమిషానికోసారి కంప్యూటర్లో కనపడుతుంది. అంతకుముందు ఆ పని మేం రాయిని పొడి చేసి గంటసేపు చేసేవాళ్లం. జవాబు తేలేసరికి ఆ రాయి మిల్లులో పడి ఉండేది.

పెట్టె బాధ్యత చూడ్డానికి ఒక రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు ఉండాలన్నారు. ముంబై వెళ్లి శిక్షణ తీసుకుని పరీక్ష రాయాలి. ల్యాబ్‌లో మగవాళ్లెవరూ ముందుకు రాలేదు. ఇద్దరికి అదే వారంలో నడుంనొప్పి వచ్చింది. నేను వెళ్లి పాసయ్యాను. మా అత్తగారు వీధిలో అందరికీ నేను ఆటంబాంబుల లైనులోకి మారానని చెప్పారు, కొంచెం గర్వంగానే.

తిరిగొచ్చాక, బెల్టు కింద రాలిన రాయి ఊడ్చే నలుగురు ఆడవాళ్లకు క్లాసు చెప్పమన్నారు. గోలీలతో చెప్పాను. గోలీ వెళ్లి బండరాయికి తగిలితే దాదాపు అదే జోరుతో వెనక్కి వస్తుంది. తనపాటి ఇంకో గోలీకి తగిలితే జోరు చచ్చి ఆగిపోతుంది. నీళ్లలో హైడ్రోజన్ ఉంది, అది న్యూట్రాన్‌పాటిదే. కాబట్టి న్యూట్రాన్‌ని ఆపడానికి సీసం కన్నా నీళ్లు, ప్లాస్టిక్ మేలు, పెట్టె గోడలు మందపాటి ప్లాస్టిక్‌తో చేసింది అందుకే అన్నాను. క్లాసు బాగా జరిగింది. మర్నాడు నలుగురూ రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాల్లో నీళ్లు నింపి, కొంగుతో నడుముకు బిగించి కట్టుకుని వచ్చారు. ల్యాబ్‌లోనూ బస్సులోనూ ఆ సంగతి చెప్పి వారం రోజులు నవ్వాను. వాళ్లకు పాఠం సరిగ్గానే అర్థమైందని మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఆ నలుగురిలో దాదాపు నా ఈడు మనిషి ఒకరోజు ల్యాబ్ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడంగారూ, నాకు నెల తప్పిందండి. నన్ను క్యాంటీన్ వైపు వేయమని చెప్తారా? ఆ పెట్టె దగ్గర పనంటే భయంగా ఉంటందండి."

"భయం దేనికమ్మా? రా, చూపిస్తా" అన్నాను.

మా న్యూట్రాన్ మీటరు అంటే, పైన పిడి ఉన్న తెల్లటి గుండు. ఫ్యాక్టరీలో దాన్ని బూడిద గుమ్మడికాయ అంటారు. పెట్టెకు వేలాడదీస్తే దిష్టి కూడా తగలదని ఎలక్ట్రీషియన్ల అభిప్రాయం. దాన్ని మోసుకెళ్లి ఆమె ఊడ్చే చోట, రెయిలింగుకు ఇవతల పెట్టాను. చాలా చిన్న అంకె చూపించింది. ఏడాదంతా అక్కడ పనిచేసినా మామూలు జనానికి పెట్టిన పరిమితి దాటదు. వాళ్లకు డోసు కొలిచే బ్యాడ్జీలు అక్కర్లేదని రిపోర్టు రాసింది కూడా నేనే.

"చూశావా, ఏం లేదు. ఇక్కడే చేసుకో, నాదీ పూచీ" అన్నాను.

"మీరు చెప్తే సరేనండి" అని ఆమె చీపురు తీసుకుంది.

ఆమెను మార్పించడం నాకు ఒక్క కాగితం పని. మారిస్తే ప్రమాదం ఉందని ఒప్పుకున్నట్టవుతుందని రాయలేదు.

మూడు నెలల తర్వాత, పెళ్లైన అయిదేళ్లకు, నాకూ నెల తప్పింది. ఆ సోమవారం రీడింగు తీయడానికి మీటరు పట్టుకుని బయలుదేరాను. బెల్టు మెట్ల దగ్గర ఆగిపోయాను. అక్కడ ఎంత వస్తుందో నాకు కంఠతా వచ్చు, దానికి అర్థమేమిటో కూడా వచ్చు. కాలు మాత్రం ముందుకు పడలేదు. మీటరు అసిస్టెంటుకిచ్చి, నడుంనొప్పిగా ఉందని చెప్పి, బెల్టు పక్క దారి వదిలి రాతిగుట్టల స్టాక్‌యార్డు చుట్టూ ఎండలో నడిచి ల్యాబ్‌కి వెళ్లాను.

బ్యాడ్జి పెట్టుకునేవాళ్లు కడుపుతో ఉంటే చెప్పాలన్న నియమం ప్రకారం మర్నాడు విషయం రాసిచ్చాను. నాకు బ్యాడ్జి ఉంది కాబట్టి సాయంత్రానికల్లా నన్ను పెట్టె దగ్గర పనులనుంచి తప్పించి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. బ్యాడ్జి లేని ఆమె అయిదో నెల కడుపుతో పెట్టె దగ్గరే ఊడుస్తోంది. తెరమీద సున్నం అంకెలు మారుతుంటే, ఆ రాయి పక్కనే ఆమె వంగి ఉందని గుర్తొచ్చి సిగ్గేసింది. రెండు రోజులు అన్నం సయించలేదు. వేవిళ్లన్నారు మా అత్తగారు. నేను కాదనలేదు.

మూడో రోజు మేనేజరుగారి దగ్గరికి వెళ్లి ఆమెను క్యాంటీన్ వైపు మార్చమన్నాను.

"అక్కడ డేంజరేమన్నా ఉందామ్మా?"

"లేదండి."

"మరి ఎందుకు మార్చడం? రేపు మిగతా ముగ్గురూ వచ్చి అడిగితే నేనేం చెప్పాలి? కారణం రాసివ్వండి."

"ప్రమాదం లేదు. నాకు భయం వేసింది. ఆమెకు నాకన్నా ముందే వేసింది" అని రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, దానికి ఏ ఫైలూ తోచక సొరుగులో పడేసి, మార్పించారు.

ఆ మధ్యాహ్నమే ఆమె ల్యాబ్‌కి వచ్చింది. సంతోషంగా ఉంటుందనుకున్నాను, లేదు.

"అయితే ప్రమాదం ఉందన్నమాట. ఆ రోజు నాతో అబద్ధం చెప్పారాండి?"

"లేదమ్మా. నిజమే చెప్పా. అది నీకు సరిపోతుందనుకున్నా. నా దాకా వచ్చేసరికి నాకే సరిపోలా."

ఆమె నా మొహంలోకి చూసింది. "ఎన్నో నెలండి?"

"రెండోది."

చీపురు గోడకానించి స్టూలు మీద కూర్చుంది. ల్యాబ్‌లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"'నీ చోట నేనున్నా నాకూ భయమేసేదమ్మా' అని ఆ రోజు మీరు ఒక్క మాట అనుంటే, నేనే అక్కడ ఉండిపోయేదాన్నండి" అంది. "మీరేమో అంకె చూపిచ్చారు."