కండక్టర్ సోమనర్సయ్య ఆడిన అడవి ఆట

ముప్పై ఒక్క ఏళ్ళు గడియారం ముల్లు మీద బతికిన సోమనర్సయ్యకు, ప్రత్యేక రాష్ట్రం కోసం సాగిన సమ్మెలో బస్సులు ఆగిన మూడో వారం ఒక అడవి దొరికింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు గేటు పక్కన మేనల్లుడు రమేశ్ నడిపే నెట్ సెంటర్‌లో, గోడవైపు ఉన్న రెండో కంప్యూటర్‌లో ఉంది ఆ అడవి.

అప్పుడు బస్సుల్లేవు. భూపాలపల్లిలో బొగ్గు బాయిలు బంద్, కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. బతుకమ్మలు ఆ ఏడు ఖాళీ బస్టాండులోనే ఆడారు. పొద్దున సమ్మె శిబిరంలో నినాదాలిచ్చి మధ్యాహ్నం ఇంటికొచ్చి తిన్నాక సోమనర్సయ్యకు ఏమీ తోచేది కాదు. తీరికంటే ఏమిటో ఆ మనిషికి తెలియదు. పొయ్యి దగ్గర నిలబడి చేతి గడియారం చూస్తూ, అన్నం ఇంకా ఎందుకు ఉడకలేదని భార్య సాలమ్మను అడిగేవాడు.

"గిది పాలకుర్తి ట్రిప్పు కాదు, బువ్వ," అందామె ఒకరోజు విసిగిపోయి. "గా రమేశ్ దగ్గరికన్న పోరాదు? నాకు జర ఊపిరాడుతది."

అలా వెళ్ళాడు. రమేశ్ మామను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ఒక ఆట తెరిచాడు.

అదొక మాయా రాజ్యం. గాలివానకు బాటలు పూడిపోయి, వంతెనలు కూలిన అడవి. ఆకుపచ్చ రెక్కల వనరాణి ఒకామె గాలిలో తేలుతూ ఉంటుంది. ఆమె చేతికింద ముగ్గురు పనివాళ్ళు, వాళ్ళకో గుడిసె. వాళ్ళతో పండ్లు ఏరించాలి, కట్టె కొట్టించాలి, రాళ్ళు మోయించాలి, వంతెన కట్టించాలి. తెర పైన గడియారానికి బదులు ఒక సూర్యుడు మెల్లగా జారుతుంటాడు. ఆయన కొండ చాటుకు పోయేలోపు దారి తెరుచుకుంటే గెలుపు, లేకపోతే మళ్ళీ మొదటికి.

సోమనర్సయ్య తెరలోకి దిగిపోయాడు. నీలి వెలుతురులో ఆకులు కదిలేవి. ఎక్కడో కనపడని చోట నీళ్ళు పారేవి. ఆ చప్పుడుకు కాళేశ్వరం మతికొచ్చేది. పుష్కరాలకు స్పెషల్ బస్సు మీద మూడుసార్లు పోయాడు. మూడుసార్లూ గోదావరిని ఫుట్‌బోర్డు మీద నిలబడే చూశాడు, మునగలేదు. రిటర్న్ టైమైపోయింది మరి. ఇక్కడ కుర్చీలో కూర్చుని కళ్ళు సగం మూస్తే, మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నట్టే ఉండేది.

కానీ ఆట మాత్రం చివరిదాకా గెలవలేకపోయాడు. ఎన్నిసార్లు ఆడినా తొమ్మిదో మెట్టు దగ్గరే ఆగిపోయేవాడు. వెనక నిలబడి చూసిన రమేశ్ నెత్తి కొట్టుకున్నాడు.

"మామా, ఒకడు రాంగనే వాన్ని ఇంకో పనికి పంపాలె. ముగ్గురొచ్చేదాంక ఎందుకాగుతున్నవ్?"

"అందరు రాకముందే రైట్ ఎట్లిస్తర్రా? ఒకడు ఎనుకబడితే?"

"వాళ్ళు బొమ్మలే మామా!"

"బొమ్మలైతేంది? నా బండెక్కినోళ్ళు."

రమేశ్‌కు నవ్వొచ్చింది. ఆట పేజీ కింద, దేశదేశాల్లో ఆడినవాళ్ళు ఇంగ్లిషులో రాసుకున్న అభిప్రాయాలుంటే వాటిని తనకొచ్చినంతలో చదివి చెప్పాడు. బొమ్మలు బాగున్నాయి కానీ కథ చిన్నపిల్లలదని ఒకాయన సణిగాడు. పదో మెట్టులో నాలుగు రోజులుగా ఇరుక్కున్నానని ఒకామె మొర. ఎక్కడో మంచు దేశంలో ఒక నర్సమ్మ, దవాఖానలో డ్యూటీ దిగాక ఈ ఆటను అందులోని గడియారం తీసేసి ఆడతానని రాసింది. గెలవడానికి కాదట, ఆ వెలుతురులో కాసేపు కూర్చోవడానికట.

సోమనర్సయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏందీ, గడియారం తీసి ఆడొచ్చా?"

"ఆడొచ్చు. గెలిస్తే ఇచ్చే చుక్కలు రావు మరి."

"చుక్కలేం జేసుకుంటర్రా! తియ్ దాన్ని."

సూర్యుడు కొండ మీద నిలబడిపోయాడు. పనివాళ్ళు గుడిసె ముందు చతికిలబడ్డారు. ఒకడు ఆవలించాడు, ఒకడు బుర్ర గోక్కున్నాడు. వాళ్ళ చుట్టూ మిణుగురులు లేచాయి. సోమనర్సయ్య వాళ్ళకు ఏ పనీ చెప్పలేదు. అరగంట అలా చూస్తూనే ఉన్నాడు.

"పని చెప్పకుంటే ఆట ముందర్కి పోదు మామా."

"సమ్మెల ఉన్నరు, పో."

ఇంతలో రమేశ్ ఇంకో అభిప్రాయం చదివాడు. 'పనివాళ్ళు వట్టి సోమరులు, అడుగు తీసి అడుగు వెయ్యరు, ఆటకు ఐదులో ఒక్క చుక్క చాలు' అని ఎవడో రాశాడు. సోమనర్సయ్య ముఖం మాడింది. ఏదో అనబోతుండగా జేబులో ఫోన్ మోగింది. డిపో నుంచి.

పొద్దున ఆరింటికి పాలకుర్తికి ఒక బస్సు తీస్తున్నారు. ముందర పోలీసు జీపు ఉంటుంది. డ్రైవర్ యాకయ్య, కండక్టర్ సోమనర్సయ్య. నాలుగు నెలల్లో రిటైరయ్యేవాడివి, సర్వీసు పుస్తకంలో ఇప్పుడు రిమార్కు ఎందుకు పడనిస్తావని అడిగారు.

ఆ పుస్తకంలో ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ఎర్ర గీత లేదు. సోమనర్సయ్యకు ఆస్తి అంటే అదే. చుట్టాల పెళ్ళిళ్ళలో కూడా దాని మాటే చెప్పేవాడు.

"సరే సార్," అన్నాడు. ఫోన్ పెట్టేశాక గానీ తన నోటి నుంచి ఏం వచ్చిందో తనకు తెలియలేదు.

కుర్చీని మళ్ళీ తెర వైపు తిప్పుకున్నాడు. తర్వాత అన్నాడు, "రమేశ్, నా అభిప్రాయం గూడ రాయి. ఆట మంచిగున్నది. నీళ్ళ సప్పుడు మస్తుగున్నది. పనోళ్ళను సోమరోళ్ళు అన్నాయనకు చెప్పు, వాళ్ళు ముగ్గురే ఉన్నరు, అడవంత వాళ్ళ నెత్తి మీదనే ఉన్నది." తెర మీది గుడిసెను వేలితో చూపాడు. "ఒక్కడే లేచిపోయి పని జేస్తే, గుడిసె కాడ కూసున్నోళ్ళ మొఖం మళ్ళ ఎట్ల చూస్తడు? గది గూడ రాయి."

"గంత ఇంగ్లిష్ నాకు రాదు మామా."

"వచ్చినంత రాయి."

ఆట బాగుంది, పనివాళ్ళు సోమరులు కారు అని రమేశ్ రెండు వేళ్ళతో కొట్టాడు. "చుక్కలెన్నియ్యాలె?"

"ఐదు."

"పంతొమ్మిదిసార్లు ఓడినవ్!"

"ఓడుడు నా సంగతి. ఆటదేం తప్పు?"

మర్నాడు అలవాటు కొద్దీ తెల్లవారకముందే మెలకువ వచ్చింది. స్నానం చేశాడు. కొక్కేనికి వేలాడుతున్న ఖాకీ చొక్కాను తాకి, వదిలేసి, లుంగీ మీదే వచ్చి ఇంటి ముందరి గద్దె మీద కూర్చున్నాడు. వీధి చివర మంచులోంచి యాకయ్య వచ్చాడు, ఖాకీ బట్టల్లో, నిద్రలేని కళ్ళతో.

"అన్నా, ఇంక గిట్లనే ఉన్నవా? ఆరైతంది."

"నేను వస్తలేను యాకయ్యా."

"సరే అన్నవని నాకు ఫోన్‌ల చెప్పిర్రు గదనే! నువ్వే పోతాంటె నాదేమున్నదని నేను గూడ సరే అన్న."

సోమనర్సయ్య తల దించుకున్నాడు. "సరే అన్నది నిజమే. నోటికి అలవాటైన మాట, వచ్చేసింది. తప్పు నాదే."

"రిమార్కు రాస్తరు."

"రాయనియ్యి."

యాకయ్య ధబేలున గద్దె మీద కూలబడ్డాడు. "గా ముక్క నిన్ననే చెప్తే ఏం పోయె! ఒక్క కునుకు లేదు. శిబిరం ముందర్కెళ్ళి బండి ఎట్ల తీసుకపోవాలె, తలకాయ యాడ పెట్టుకోవాలె అని ఒకటే పరేషాన్. ఇగ నేను గూడ పోను."

ఆ గీత తర్వాత నిజంగానే పడింది. ఎర్రగానే పడింది. దాంతోనే రిటైరయ్యాడు.

ఆ పొద్దున మాత్రం సాలమ్మ ఇద్దరికీ చాయ తెచ్చి, యాకయ్యను ఎగాదిగా చూసింది. "గీ ఖాకీ మీద శిబిరం ముందర్కెళ్ళి పోతే డ్యూటీ ఎక్కినవనుకోరా?" అని లోపలికి పోయి మొగుడి చారల చొక్కా తెచ్చింది. సోమనర్సయ్య సన్నం, యాకయ్య లావు. పొట్ట మీద రెండు గుండీలు పడలేదు.

"ఊపిరి బిగవట్టు తమ్మీ," అందామె.

"ఎంతసేపు బిగవట్టాలె వదినే?"

"శిబిరంల కూసునేదాంక."

యాకయ్య పొట్ట లోపలికి పీల్చాడు. సాలమ్మ ఒక గుండీ పెట్టగలిగింది. ఇద్దరూ వీధిలోకి దిగి నడిచారు.