నా కుర్చీ కోసం వచ్చిన మనిషి

ఆ ప్రకటన మొదట చూసింది మా ఆవిడ. ఆదివారం పేపరు టేబుల్ మీద పరుచుకుని, కొత్తిమీర వలుస్తూ చదివింది. కెమిస్ట్రీలో మాస్టర్స్ ఉండాలి, మందుల కంపెనీలో పనిచేసి ఉండాలి, సున్నితమైన తూనిక యంత్రాలను సరిచూడటం తెలియాలి, ఉద్యోగం మేముండే ఊళ్ళోనే, బాతెల్‌లో.

"ఏవండీ, ఇది మీరే కదూ?"

"నేనే."

"మీరుండగానే మీ ఉద్యోగానికి మనిషి కావాలని వేశారేంటి? మనిషి పోయాక వేసినట్టుంది. నాకేం నచ్చలేదు."

నిజానికి అది నా గ్రీన్ కార్డు కోసం వేసిన ప్రకటనే. ఈ ఉద్యోగానికి తగిన అమెరికన్ ఎవరూ దొరకలేదని కంపెనీ చూపిస్తేనే నా దరఖాస్తు కదులుతుంది. తగినవాడు ఒక్కడు వచ్చినా ఆగిపోతుంది. అతనికి ఆ ఉద్యోగం ఇవ్వాలనేమీ లేదు. ఇవ్వకపోయినా నా కాగితం మాత్రం అక్కడితో సరి. వచ్చినవాళ్ళ విషయంలో నేను వేలు పెట్టకూడదని లాయరు గట్టిగా చెప్పింది. నా వీసా గడువు తరిగిపోతోంది. ఇది కదలకపోతే, హైస్కూలు ముగించని మా అమ్మాయి చదువు మధ్యలో ఆపించి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోవాలి.

అదే నోటీసు ఆఫీసులో కాఫీ మిషను పక్కన కూడా అంటించారు. నాతో పనిచేసేవాళ్ళు కప్పు పట్టుకుని అది చదివి, నన్ను చూసి చప్పున మాట మార్చేవాళ్ళు. చావు జరిగిన ఇంట్లో గొంతు తగ్గించినట్టు తగ్గించేవాళ్ళు. నేనూ చదివాను. అందులో నా చదువుంది, నా అనుభవం ఉంది, నా పేరు లేదు.

అది నవంబరు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, వాన పడుతున్నట్టూ తెలియదు, ఆగినట్టూ తెలియదు. ఒకరోజు భోజనం చేసి వస్తుంటే ముందు గదిలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. నా వయసే. నాలాగే కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

"తెలుగువారాండీ?" అన్నాడు నన్ను చూసి. "హమ్మయ్య. ఇంటర్వ్యూకొచ్చాను. మేం సిటిజన్స్ అయ్యి చాలా ఏళ్ళయింది. మా ప్లాంట్ క్లోజ్ చేశారు, ఏడాదిగా ఇంట్లోనే. ఈ యాడ్ చూశాక నమ్మండి, ఎవరో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంది."

నేను తల ఊపాను.

"ఈ సీటు ఎందుకు ఖాళీ అయిందో మీకేమైనా తెలుసా? రిటైరయ్యాడా, పోయాడా?"

"పోలేదండీ" అన్నాను. అంతకుమించి చెప్పకూడదు.

"బతికించారు. పోయినవాళ్ళ కుర్చీ అంటే మా ఆవిడ ఒప్పుకోదు."

మేనేజరు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళాడు. వాళ్ళు నేను పనిచేసే గదిలోకే వెళ్ళారు. నేను నడవలో ఆగిపోయాను. తలుపుకున్న అద్దంలోంచి ఆయన వీపు కనిపించింది. నా తూనిక యంత్రం ముందు, కుడి భుజం కాస్త దించి, నేను నిలబడినట్టే నిలబడ్డాడు. ఆ గదిలో నేను ఎలా కనిపిస్తానో మొదటిసారి చూస్తున్నాననిపించింది. ఆయన నా కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. దానికి నా స్వెట్టరు తగిలించి ఉంది. వెంటనే చెయ్యి తీసేశాడు.

ఆ రాత్రి డైరీలో వాన పడిందని మాత్రమే రాశాను.

ఆయన అన్ని విధాలా తగినవాడే. నా దరఖాస్తు ఆగిపోయింది. ఆయనకీ ఉద్యోగం రాలేదు, ఎందుకంటే కుర్చీ ఖాళీ లేదు. ఆరు నెలలాగి కంపెనీ మళ్ళీ అదే ప్రకటన వేసింది. వీసా గడువులో ఇక మూడోసారికి చోటు లేదు.

ఆ వారమే ఇండియన్ స్టోరులో కరివేపాకు ఏరుతుంటే నా పక్కనుంచి ఇంకో చెయ్యి అదే బుట్టలోకి వచ్చింది. ఆయనే.

"మళ్ళీ వేశారు చూశారా? అప్పుడు బాగా చేశానన్నారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ అప్లై చెయ్యమంటారా?"

"చెయ్యమనీ, వద్దనీ నేను అనకూడదండీ. ఆ కుర్చీలో ఉన్నది నేనే."

ఆయన కరివేపాకు రెమ్మలు సంచిలో పెట్టుకుంటూనే ఉన్నాడు.

"తెలుసండీ. ఆ రోజు బల్ల మీద పాప ఫోటో, సగం తాగిన టీ ఉన్నాయి. స్వెట్టరేమో కుర్చీకుంది. మనిషి మాత్రం లేడు. వెనక్కి తిరిగి చూస్తే అద్దంలో మీరు."

"మరి నన్నెందుకు అడిగారు?"

"మీరేమంటారో చూద్దామని." సంచి మూతి ముడివేస్తూ అన్నాడు. "మీ పాప ఏం చదువుతోంది?"

చెప్పాను. ఆయన బిల్లు కట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ముందు గది తలుపు చప్పుడైన ప్రతిసారీ నేను తూకం మళ్ళీ మొదటినుంచి వేసేవాణ్ణి. నోటీసు గోడ మీద ఉండవలసినన్నాళ్ళు ఉంది, ఆ తర్వాత తీసేశారు. ఎవరూ రాలేదు. కొన్ని వారాలకు లాయరు కాగితాలు పంపింది. ఈ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని వాటిలో ఉంది. అంతా నిజమేనని కింద నేను సంతకం చెయ్యాలి.

నా బల్ల దగ్గరే కూర్చుని రెండుసార్లు చదివాను. అబద్ధం ఎక్కడా లేదు. కలం తీసేముందు ఎందుకో వెనక్కి తిరిగి తలుపు అద్దం వైపు చూశాను. నడవ ఖాళీగా ఉంది. సంతకం చేశాను.