దిష్టి తగిలిన ఐసు

2024 జనవరి. మస్కట్‌లోని బౌషర్‌లో ఒక మాల్ కింది అంతస్తులో ఐస్ రింక్ ఉంది. అక్కడ నేను రిఫ్రిజిరేషన్ ఇంజనీరుని. మాది భీమవరం. గల్ఫ్‌కి రాకముందు పన్నెండేళ్లు రొయ్యల ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాను. "అక్కడ రొయ్యలు పడుకోడానికి ఐసు చేసేవారు, ఇక్కడ మనుషులు పడిపోడానికి చేస్తున్నారు" అంటుంది మా ఆవిడ. నిజానికి పనిలో తేడా అంతే.

ఆ నెల మా రింక్‌లో మొదటిసారి గల్ఫ్ దేశాల కర్లింగ్ పోటీ పెట్టారు. కర్లింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఉండే ఆట. ఇరవై కిలోల రాతిని ఐసు మీద జార్చి వదులుతారు. ఇద్దరు దాని ముందు బ్రష్షులతో ఐసు రుద్దుతూ పరిగెడతారు. రుద్దితే రాయి ఇంకాస్త దూరం పోతుంది. ఐసులో బొటనవేలంత గుంత ఉన్నా చాలు, రాయి తాగినవాడిలా పక్కకి తూలుతుంది.

శుక్రవారం వస్తే రింక్ పక్కన కెఫేలో ఈ పోటీ మీద పెద్ద చర్చ. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ అకౌంటెంటుగా చేస్తున్న శేషగిరిగారు దానికి పెద్దదిక్కు. ఎడారి దేశానికి ఐసు ఆటలెందుకని ఎవరో అంటే ఆయన ఊరుకోలేదు. "క్రికెట్ ఎక్కడ పుట్టిందండీ? పుట్టినచోటే ఆడుకోవాలంటే మనమంతా బిళ్ళంగోడు దగ్గరే ఆగిపోయేవాళ్లం" అన్నారు.

మా రింక్ మేనేజరు సాలిం ఒమానీ. ఈ పోటీ కోసం రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగాడు. అతని లెక్క వేరు. "ఆడి ఓడిపోయినా పర్వాలేదు ఇంజనీర్. పిలిచి మర్యాద చెయ్యలేకపోతేనే సిగ్గు. వచ్చినవాళ్లకి చల్లారిన కావా పోస్తామా?" అనేవాడు. కావా అంటే అరబ్బీ కాఫీ. ఇక్కడ ఇంటికొచ్చినవాళ్లకి అది వేడిగా పోయకపోతే పరువు పోయినట్టే. ఆ లెక్కన నా ఐసే అతని కావా.

మూడో అభిమాని రాజన్న. జగిత్యాల మనిషి, యాభై దాటాడు, మా రింక్‌లో క్లీనింగ్ డ్యూటీ. టీవీలో కర్లింగ్ చూసిన రోజు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "సార్, గీళ్లు దేశం తరఫున ఊడుస్తున్నరు సార్! ఊడిస్తే మెడల్ ఇస్తరట!" అప్పటినుంచి అతను చీపురు పట్టే తీరే మారిపోయింది.

పోటీ ఇంకా నాలుగు రోజులుందనగా పొద్దున్నే వచ్చి చూస్తే ఐసు నాలుగు మూలలా గుంతలు. పూడ్చాను. మర్నాడు మళ్లీ అవే చోట్ల. మా ఐసు కింద కాంక్రీటులో పైపులుంటాయి. వాటిలో బ్రైన్ తిరుగుతుంది. బ్రైన్ అంటే గడ్డకట్టకుండా లవణం కలిపిన చల్లటి నీళ్లు. పైపుకి చిల్లుపడి అది పైకి ఊరితే ఐసు అక్కడక్కడా కరుగుతుంది.

భీమవరంలో మా మేస్త్రీ నేర్పిన పరీక్ష ఒకటే: నాకి చూడు, ఉప్పగా ఉంటే లీకు. నలభై ఆరేళ్ల ఇంజనీరుని, మోకాళ్ల మీద కూర్చుని, గుంతలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు కషాయం.

సాలింకి చెప్పాను. లీకైతే బ్రైన్‌ని చల్లబరిచే చిల్లర్లు ఆపాలి, ఐసంతా కరిగించాలి, నేల పగలగొట్టాలి. పోటీ ఉండదు. అతను తిట్టలేదు. "పోయిన వారమే స్మోక్ అలారం రెండుసార్లు ఊరికే మోగింది. వైరింగ్ అంతా విప్పావు, ఏమీ దొరకలేదు. ఇప్పుడు ఇది. రేపు మధ్యాహ్నం లోపల ఖాయంగా చెప్పు. రావద్దని నేను నాలుగు దేశాలకి ఫోన్లు చెయ్యాలి" అన్నాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం మెషిన్ రూమ్‌లో బ్రైన్ ట్యాంకు చూశాను. లీకుంటే మట్టం తగ్గాలి. గీత మీదే ఉంది, చుక్క తగ్గలేదు. అనుమానమొచ్చి అందులోనూ వేలు ముంచి నాలుకకి అంటించుకున్నాను. థూ! చేదు. అప్పుడు గుర్తొచ్చింది. భీమవరంలో మేము వాడింది మామూలు ఉప్పు, ఇక్కడ వాడేది కాల్షియం క్లోరైడు. అది ఉప్పుతోపాటు చేదు కూడా. గుంతలో ఉన్నది మాత్రం శుభ్రంగా పప్పులో వేసుకునే ఉప్పు! అంటే ఎవరో తెచ్చి వేస్తున్నారు.

మర్నాడు పొద్దున్న ఐదింటికే వచ్చి బల్లల వెనక నక్కాను. కాసేపటికి రాజన్న వచ్చాడు. చెప్పులు విడిచాడు. గుప్పెట్లో ఏదో పట్టుకుని, మూలన నిలబడి, ఐసు వైపు చెయ్యి చాపి మూడుసార్లు తిప్పి, అక్కడే వదిలాడు.

"రాజన్నా! ఏం చేస్తున్నావయ్యా?"

ఉలిక్కిపడ్డాడు. "దిష్టి తీస్తున్న సార్."

"ఎవరికి?"

"ఐసుకు. గింతమంది కండ్లు వడుతున్నయ్. ఎడారిల ఐసేందని ఒకటే మాట. దిష్టి తీయకుంటె ఎట్ల?"

"తీస్తే తీశావు, ఉప్పు ఐసు మీద వెయ్యడమేంటి?"

"నీళ్లల్ల ఎయ్యాలె గద సార్. ఉప్పు కరిగినట్టు దిష్టి కరుగుతది. ఐసు గూడ నీళ్లే గద?"

నేను చదివిన చదువు ప్రకారం అందులో తప్పేమీ దొరకలేదు. ఉప్పు తగిలితే ఐసు కరుగుతుందని మెల్లగా చెప్పాను. "అంటే నా శేతులతోని నేనే ఖరాబ్ జేసిన్నా?" అని ఆ ఐసు మీదే చతికిలపడ్డాడు. "ముదీర్‌కు చెప్పకున్రి సార్. వీసా కేన్సిల్ కొట్టి ఇంటికి పంపిస్తడు. వచ్చే నెలనే నా లేబర్ కార్డు రెన్యూవల్."

ముదీర్ అంటే మేనేజరు. చెప్పకుండా ఉండొచ్చు. లీకు నేనే ఆపానంటే నాకు శాలువా కప్పుతారు కూడా. కానీ పోటీ అయ్యాక ఆ లేని చిల్లు కోసం నేల పగలగొడతారు. అదీగాక, రాజన్న కనీసం ఐసు బాగుండాలని కోరి పాడుచేశాడు. నేను ఒక్కసారి నాకి, లేని లీకుని ఖాయం చేశాను. సిగ్గేసింది. ఇద్దరం కలిసే వెళ్లాం.

సాలిం అంతా విన్నాడు. రాజన్న నా వెనక నిలబడి ఏడుకొండలవాడికి మొక్కుతున్నాడు. "ఉప్పా?" అన్నాడు సాలిం. లేచి తలుపు వేశాడు. మళ్లీ వచ్చి బల్ల కింద నుంచి ఒక మట్టి ధూపపాత్ర తీసి మా ముందు పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది, గదంతా లుబాన్ వాసన. లుబాన్ అంటే ఒమాన్ సాంబ్రాణి.

"పోటీ ఖాయమైనప్పటి నుంచీ పొద్దున్నే వేస్తున్నాను. కళ్లు తగలకుండా" అన్నాడు, నా వైపు చూడకుండా.

స్మోక్ అలారం! రెండు రోజులు నిచ్చెనెక్కి నేను వైరింగ్ విప్పింది ఈ పొగ కోసం. ముందు రాజన్న నవ్వాడు. తర్వాత ముగ్గురం నవ్వాం.

ఉప్పు తగిలిన ఐసు చెక్కి తీసి, పలచగా పొర మీద పొర నీళ్లు పోసి, ఒక్క రోజులో మూలలు సరిచేశాను. పోటీ రోజున సాలిం స్వయంగా రాజన్నకి దిష్టి ఉప్పు వెయ్యడానికి బకెట్టు నీళ్లిచ్చి గేటు బయట నిలబెట్టాడు. లుబాన్ కూడా అక్కడే, అలారానికి దూరంగా.

ఐసు బ్రహ్మాండంగా నిలబడింది. వచ్చిన జట్లన్నీ మెచ్చుకున్నాయి. ఒమాన్ జట్టు మాత్రం ఒక్క మ్యాచ్ తప్ప అన్నీ ఓడిపోయింది. శేషగిరిగారు డీలాపడి, "ఏమయ్యా రాజన్నా, నీ దిష్టి పనిచెయ్యలేదే?" అన్నారు.

"నేను ఐసుకు దీసిన సార్" అన్నాడు రాజన్న నిబ్బరంగా. "ఆటగాళ్లకు తియ్యమని ఎవ్వరు చెప్పలే."

అతని కార్డు రెన్యూవల్ అయింది. ఇప్పటికీ నాతోనే ఉన్నాడు. ఇప్పుడు ఐసు మీద గుంత కనబడితే నేను వంగను, ముందు రాజన్నని పిలుస్తాను. నాలుక ఉన్నది రుచి చూడ్డానికే అనుకుని ఇరవై ఏళ్లు పనిచేశాను. పక్కనున్న మనిషిని అడగడానికి కూడా అదే పనికొస్తుందని ఆ నాలుగు గుంతలే నేర్పాయి.