లంక పొయ్యికి ఇంటి నిప్పు

నా చిన్నప్పుడు నాకు నీళ్లంటే భయం లేదు, పడవంటే భయం. మాది ఇప్పటి బీజాపూర్ జిల్లాకు దక్షిణపు కొసన, గోదావరికి హిందీ రాష్ట్రం వైపు ఒడ్డున ఉన్న ఊరు. నడుము లోతు నీళ్లలో పొద్దస్తమానం ఆడేదాన్ని. కాళ్లకు ఇసుక తగులుతున్నంతసేపూ గోదావరి మా ఇంటి వాకిలి లాంటిదే. పడవ ఎక్కితే మాత్రం కాళ్ల కింద కదిలే చెక్క, ఆ చెక్క కింద ఏముందో కనిపించని నలుపు. రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకునేదాన్ని. కళ్లు మూసుకుంటే పడవ ఇంకా ఎక్కువ ఊగేది.

భయమొక్కటే అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ మా ఊరి పిల్లలు తెలుగు చదువుకోవాలంటే నది దాటాలి. పొద్దున పడవలో వెళ్లి సాయంత్రం పడవలో తిరిగి రావాలి. నన్ను పంపిన తొలిరోజే నేను నది మధ్యలో పెట్టిన గోలకు పడవను వెనక్కి తిప్పాల్సి వచ్చింది. పడవలో ఉన్న మిగతా పిల్లలకు ఆ ఒక్కరోజు బడి పోయింది. నాకు ఆ ఏడాదే పోయింది.

మా నాయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదేమో. ఏదో తేలిపోయిన సంగతి చెప్పినట్టు, "పడవ ఎక్కలేని పిల్లకు సదువేంది? మ్యాకలను కాస్తది తియ్యి," అన్నాడు. ఏడాది పాటు మేకలను కాశాను. మేకలు మంచివే, వాటి మీద నాకేమీ ఫిర్యాదు లేదు. కానీ సాయంత్రం పడవ దిగి, పలకలు చంకన పెట్టుకుని గట్టెక్కే పిల్లలు నా మేకల మధ్యలోంచి నడిచిపోతుంటే నేను చెట్టు చాటుకు పోయేదాన్ని. రెండో ఏడాది కూడా ఎక్కలేకపోతే ఇక అడిగేవారు ఉండరని నాకు తెలుసు.

మా మేనత్త మా నాయన కంటే పెద్దది. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు, ఎప్పుడూ "ఏందే కోడలా" అనే పిలిచేది. నోట్లో చుట్ట, నడుముకు దోపిన చీర కొంగు, ఊళ్లో ఎవరితోనైనా తగువాడగలిగే గొంతు. చలికాలం చివర్లో ఒకరోజు మా వాకిట్లో నిలబడి, "ఒరే తమ్మీ, వచ్చే వానకాలం ఈ పిల్ల పడవెక్కి బడికి పోతది," అంది.

"పోకుంటే?"

"పోకుంటే నీ మ్యాకల ఎనక నేనే పోత."

మా నాయన నవ్వాడు. ఆ నవ్వు చూసి మేకల మీద నాకు మొదటిసారి జాలి కలిగింది.

మా అత్తా మామలకు గోదావరి మధ్యలో ఉన్న లంకలో పుచ్చతోట ఉండేది. తోట అంటే ఏటా ఉండేది కాదు, ఏటా కొత్తగా పుట్టేది. వరద తీశాక నది ఎంత ఇసుకను వదిలిపెడితే అంతే లంక. నిరుడు పొడుగ్గా ఉన్నది ఈ ఏడు గుండ్రంగా ఉండేది. గట్టు రాళ్లు పాతినా నిలవవు కనుక, పడవ నడిపే గడతోనే కొలిచి ఎవరి జాగా వాళ్లు గీసుకునేవారు. ఇసుకలో తడి తగిలేదాకా గుంటలు తీసి, మేక ఎరువు నింపి, గింజలు పెట్టేవారు. కాయలు ముదిరే రోజుల్లో నక్కలు ఈదుకుంటూ వచ్చి తినిపోతాయని అక్కడే ఒక పాక వేసుకుని ఉండేవారు. మా ఊరి నుంచి నది వాలున రెండు మలుపులు తిరిగి వెళ్లాలి. పొద్దున బయలుదేరితే చేరేసరికి మధ్యాహ్నం.

ఆ ఎండాకాలం మొదట్లో అత్త నన్ను లంకకు రమ్మంది. రానన్నాను. బతిమాలలేదు, బెదిరించలేదు. మర్నాడు పొద్దున ఒక చిన్న మట్టికుండతో వచ్చి మా అమ్మ పొయ్యి ముందు కూర్చుంది. కుండ అడుగున బూడిద పరిచి, మా పొయ్యిలోని తుమ్మ నిప్పులు నాలుగు ఏరి వేసి, పైన మళ్లీ పలచగా బూడిద చల్లి, ఒక పిడక ముక్క పెట్టింది.

"లంకల తొలి పొయ్యి ఇంటి నిప్పుతోనే ముట్టియ్యాలె, కోడలా. అగ్గిపుల్ల తగిలిందనుకో, కాయలన్నీ లోపల తెల్లగ పాలిపోతయి. ఎప్పుడూ నేనే పట్టుకపోత. ఈ ఏడు నా చెయ్యి వణుకుతుంది. మీ మామకు గడ ఉండె. ఎవలు పడుతరు మరి?"

చుట్టూ చూశాను. నేను తప్ప ఎవరూ లేరు.

మా అత్త చెయ్యి అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ వణకడం నేను చూడలేదు. ఆ సంగతి తోచడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పడవ మధ్యలో తడి ఇసుక పోసి, దాని మీద చుట్టకుదురు పెట్టి, కుండను అందులో నిలబెట్టింది. దాని ముందు నన్ను కూర్చోబెట్టింది. ఎక్కువ ఊదితే నిప్పు తొందరగా కాలిపోతుంది, ఊదకపోతే ఆరిపోతుంది కనుక నూరు లెక్కపెట్టి ఒకసారి ఊదమంది. నాకు ఇరవై వరకే వచ్చునని చెప్పాను.

"ఇరవైని అయిదుమాట్లు లెక్కపెట్టు. మిగిలినయి బడిల నేర్చుకుందువు," అంది.

పడవ ఒడ్డు వదిలినప్పుడు నేను పద్నాలుగు దగ్గర ఉన్నాను. ఆ రోజు గోదావరి ఎలా ఉందో, ఏ ఒడ్డున ఏ చెట్లున్నాయో నేను చెప్పలేను. కుండ లోపల ఏముందో మాత్రం ఇప్పటికీ చెప్పగలను. మూడు నిప్పులు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి, నాలుగోది కొంచెం పక్కకు. ఊదినప్పుడు ముందుగా ఎర్రబడేది ఆ పక్కదే. దాని మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఏర్పడింది.

రెండో మలుపు దగ్గర నది రెండు బండల మధ్య ఇరుకుగా దూకుతుంది. వెనక నిలబడి గడ వేస్తున్న మామ, "నీళ్లు చిమ్ముతయి, గట్టిగ పట్టుకోండ్రి," అని కేకేశాడు. గట్టిగానే పట్టుకున్నాను. కుండ మీదకు వంగి, రెండు చేతులూ దాని చుట్టూ వేసి, వీపంతా అడ్డం పెట్టాను. చల్లటి నీళ్లు వీపు మీద ఛెళ్లున పడ్డాయి. పడవ ఎగిరి కూలబడింది. నేను మాత్రం లెక్క తప్పలేదు.

"ఏమేవ్," అన్నాడు మామ, బండలు దాటాక. "నీ కోడలు పడవను ఇడిసిపెట్టింది, సూసినవా?"

"నువ్వు గడ సూసుకో," అంది అత్త. ఎందుకంత గట్టిగా అందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

లంక చేరాం. తెల్లటి ఇసుక, పచ్చటి తీగలు, తీగల మధ్య గడ్డి కప్పుకుని పడుకున్న కాయలు. నేను దిగి కుండలోకి తొంగి చూశాను. ఎరుపు లేదు. ఊదాను. బూడిద లేచి ముఖాన పడింది. ఇంకోసారి ఊదాను. ఏమీ లేదు.

కుండ పట్టుకుని పాక వెనక్కి పోయి కూర్చున్నాను. ఆ పచ్చటి కాయలన్నీ ఒక్కొక్కటే లోపల తెల్లబడిపోతున్నట్టు, అదంతా నా వల్లేనన్నట్టు అనిపించింది. నిప్పునే కాపాడలేని దాన్ని ఇంక ఏ పడవ ఎక్కించుకుంటుంది? కొంతసేపటికి అత్త వెతుక్కుంటూ వచ్చింది.

"ఆరిపోయింది అత్తా. కాయలన్నీ పాలిపోతయి," అన్నాను.

ఆమె నా పక్కన ఇసుకలో చతికిలబడింది. ఒక పెంకు మీద బూడిదను కొంచెం కొంచెంగా ఒంపుతూ వేలితో వెతికింది. మొదటి నిప్పు బొగ్గయిపోయింది. రెండోది, మూడోది కూడా అంతే. అట్టడుగున, ఎప్పుడు కిందికి జారిందో, ఆ పక్కనుండే నాలుగోది కనబడింది. శనగ గింజంత. పైన తెల్లగా, కింద ఒకపక్క మాత్రం ఎర్రగా.

"ఇగో, నిద్రపోతుంది దొంగముండ," అంది అత్త.

కొంగుముడి నుంచి బూరుగు దూది తీసి దాని చుట్టూ పెట్టి, నన్నే ఊదమంది. దూది పొగచూరి ఆరిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఆరింది. మామ రెండుసార్లు వచ్చి ఆకలన్నాడు. రెండుసార్లూ "ఊకో" అని పంపేసింది. నీడ మా మీద నుంచి జరిగి ఎండ పడింది. ఆమె కదల్లేదు. ఎన్నోసారో దూది మీద చిన్న మంట లేచింది. ఎండుగడ్డి, ఎండుగడ్డి మీద పుల్లలు. ఆ పూట అన్నం చాలా ఆలస్యంగా ఉడికింది. కొంచెం మాడింది కూడా. అంత మంచి అన్నం నేను మళ్లీ తిన్నానో లేదో.

సాయంత్రం అత్త ఒక కాయ కోసింది. రక్తంలాంటి ఎరుపు. నా వైపు ఒకసారి చూసి, "సూసినవా, ఇంటి నిప్పు," అంది. నాకు నేల మీద కాళ్లు ఆనలేదు.

లంకలో నాలుగు రోజులున్నాం. ఇసుకలో చేత్తో చెలిమె తవ్వితే ఊరే తియ్యటి నీళ్లు తాగాను. తాబేలు నడిచిన గీత వెంట నీటి అంచు దాకా పోయాను. లంక ఆ కొసన ఇంకో ఊరివాళ్ల తోట ఉండేది. వాళ్లు అగ్గిపెట్టెతోనే పొయ్యి ముట్టించడం నా కళ్లతో చూశాను. జాలిపడ్డాను. వాళ్లు నాకొక ముక్క కోసిచ్చారు. అది కూడా ఎర్రగానే ఉంది. పరుగున వచ్చి అత్తనడిగాను.

"వాళ్లది వేరే ఊరు గదనే. వాళ్ల కాయలకు ఈ సంగతి తెల్వదు," అంది, తీగ సర్దుతూ.

నాకది సబబుగానే తోచింది.

అయిదో రోజు పొద్దున తిరుగు ప్రయాణం. పడవలో నా ముందు కుండ లేదు, ఇరువైపులా పుచ్చకాయలున్నాయి. ఏటికి ఎదురు కనుక నెమ్మదిగా పోతున్నాం. మొదటి మలుపు దాటాక అత్త బొడ్లో దోపుకున్న గుడ్డసంచి తీసింది. అందులోంచి చుట్ట తీసింది. తర్వాత అగ్గిపెట్టె తీసి, గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పుల్ల గీసి, హాయిగా ముట్టించింది.

నేను ఆ అగ్గిపెట్టె వైపు చూస్తూ ఉండిపోయాను. నాలుగు రోజులుగా ఆమె నోట్లో చుట్ట ఆరకుండా ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. అది దేనితో వెలుగుతోందని ఒక్కసారీ అడగలేదు.

"నీ దగ్గర అగ్గిపెట్టె ఉందా?"

"ఉండక? చుట్ట దేనితోని ముట్టియ్యాలె?"

"మొదటి సంది ఉందా? ఆ పొద్దు కూడా ఉందా?"

"ఉంది."

"మరి ఆ కుండ ఏంది? నేను లెక్కపెట్టుడు ఏంది? ఏడ్సుడేంది? గంటసేపు ఊదిచ్చినవు గదా నాతోని! ఉత్తదేనా అంతా? నువ్వు అబద్ధాల అత్తవు!"

మామ గడ ఆపేశాడు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అత్త చుట్ట నోట్లోంచి తీసి, చాలా నెమ్మదిగా అంది.

"కూసోవే కోడలా. పడవల లేసి నిలబడొద్దని నీకెవలు సెప్పలేదా?"

అప్పుడు చూసుకున్నాను. నడి గోదావరిలో, కదులుతున్న పడవలో, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిటారుగా నిలబడి మా మేనత్తను తిడుతున్నాను. పడవ ఊగుతోంది. నా కాళ్లు కూడా దానితోపాటే అలవాటుగా ఊగుతున్నాయి.

కూర్చున్నాను. ఇద్దరూ ఊరొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు. నేను ముఖం ముడుచుకునే ఉన్నాను కానీ, ఆ రోజు గోదావరి ఒడ్డున ఏమేం చెట్లున్నాయో అన్నీ చూశాను.

ఆ వానాకాలం నది నిండుగా ఉన్న రోజునే బడికి వెళ్లాను. మా నాయన ఒడ్డున నిలబడ్డాడు. అత్త రాలేదు, చూడాల్సిన అవసరం ఆమెకు లేదు. పలకను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఇరవైని అయిదుమాట్లు లెక్కపెట్టేలోగా అవతలి ఒడ్డు వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మా అత్త దారిలో ఎక్కడ ఎదురైనా, "నీ మ్యాకలు మంచిగున్నయా తమ్మీ?" అని మా నాయనను పలకరించేది. ఆయన పక్కచూపులు చూస్తూ పోయేవాడు.

అగ్గిపెట్టె బొడ్లో ఉంచుకుని, ఆకలి ఓర్చుకుని, ఎండలో కూర్చుని ఒక శనగ గింజంత నిప్పును వెతకడం ఎంత ఓపికో పెద్దయ్యాక తెలిసింది. భయపడకు అని ఆమె నాతో ఒక్కసారి కూడా అనలేదు. చేతులకు పని చెప్పింది. తర్వాత నేను పత్రిక పని మీద ఊళ్లు తిరిగేటప్పుడు, నన్ను చూసి గొంతు పెగలని మనుషులు ఎదురైతే, "ఈ గొడుగు కాస్త పట్టుకోండి" అని వాళ్ల చేతిలో పెట్టేదాన్ని. గొడుగు పట్టుకున్న మనిషి కాసేపటికి మాట్లాడేవాడు. నా మనవరాలిని బీజాపూర్‌లో హాస్టల్‌కు తీసుకెళ్లిన రోజు బస్సులో దాని ఒళ్లో ఆరు కోడిగుడ్లు పెట్టాను, పగలకుండా చూడమని. ఎందుకో చెప్పలేదు. అదీ అడగలేదు.

మొన్న నా కంటి ఆపరేషన్‌కు ఆ మనవరాలే నన్ను దంతెవాడ తీసుకెళ్లింది. కత్తి కంట్లో పెడతారన్న ఆలోచన ముందురోజు నుంచీ నన్ను వదల్లేదు. బస్సులో ముందు సీటు కడ్డీని పట్టుకుని కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకుంటే బస్సు ఇంకా ఎక్కువ ఊగింది.

"అమ్మమ్మా, ఈ డబ్బా జరా పట్టుకో," అంది మనవరాలు. "పెరుగుంది. ఢక్కన్ మంచిగ లేదు. ఒలికితే నా బట్టలన్నీ ఖరాబైతయి."

కడ్డీ వదిలి డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాను. మలుపుల్లో ఒలక్కుండా ఇటూ అటూ వంచుతూ, రోడ్డు గుంతలను ముందే కనిపెడుతూ కూర్చున్నాను. గీదంలో బస్సు ఆగినప్పుడు మసక కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. కొత్త డబ్బా. మూతకు నాలుగు వైపులా కొక్కేలు బిగించి ఉన్నాయి. తలకిందులు చేసినా చుక్క కారదు.

మనవరాలు కిటికీలోంచి బయటకు చూస్తోంది. దంతెవాడ వచ్చేదాకా ఆ డబ్బాను రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకునే కూర్చున్నాను.