గుర్రం గడ్డికి కొబ్బరితాడు ఉట్టి

మీ తాత టెక్కలిలో జట్కా తోలేవారని మీకు తెలుసు కదా. గుర్రం మేత మాత్రం నా పని. అప్పటికే ఊళ్లోకి ఆటోలు వచ్చేశాయి. అయినా సంత మూటలకి మా బండే కావాలనేవాళ్లు కొందరుండేవాళ్లు.

ఒక ఏడాది తుఫానుకి చేలన్నీ మునిగి వరిగడ్డి కుళ్లిపోయింది. మా పెరట్లో చిన్న కుప్ప ఒక్కటే మిగిలింది. మళ్లీ తొలకరి వానలు పడి పచ్చగడ్డి మొలిచేదాకా అదే సరిపోవాలి. సరిపోకపోతే గుర్రాన్ని అమ్మేస్తానని మీ తాత తేల్చి చెప్పేశారు.

మా పుట్టింట్లో ఎడ్లుండేవి. నాకు తెలిసిందల్లా ఎడ్ల మేతే. గుర్రానికీ అలాగే నేలమీద మోపెడు గడ్డి పరిచేదాన్ని. పొద్దున చూస్తే సగం గడ్డి లద్దిలో కలిసిపోయి ఉండేది. ఎందుకిలా చేస్తుందా అని ఒక మధ్యాహ్నం పీట వేసుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. మూతితో పైగడ్డంతా తోసేసింది. అడుగున మెత్తగా ఉన్నది ఏరుకుంది. ముందుకాలితో గీరి, మిగిలినదాని మీదే ఉచ్చ పోసింది. కాసేపాగి అదే గడ్డిని వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ఎద్దులా ఒక్కసారి మేసి, పడుకుని నెమరేసే జీవం కాదది. రోజంతా కొంచెం కొంచెం కొరుకుతూనే ఉంటుంది.

మరి గడ్డి నేలకి తగలకుండా వేలాడదీస్తే? సముద్రం ఒడ్డున మూలపేటలో ఉండే మా తమ్ముడు పాత చేపలవల తెచ్చిచ్చాడు. దాన్నిండా గడ్డి కూరి దూలానికి కట్టాను. గుర్రం గడ్డిని వదిలేసి వలని నాకడం మొదలుపెట్టింది. ఏముందా అని వేలితో రాసి నాలుకకి పెట్టుకుంటే ఉప్పు! సాయంత్రానికి సగం వల నమిలేసింది. మీ తాత దాని నోట్లోంచి దారాలు లాగుతూ, "దీన్ని మీ తమ్ముడింటికే పంపీయే, సేపలు పడతాది" అన్నారు.

వంటింట్లోకి వెళితే పెరుగుకుండ ఉట్టి కనబడింది. కవిటి ఊరి నుంచి తెచ్చిన కొబ్బరితాడు ఇంట్లోనే ఉంది. ఉట్టి అల్లినట్టే అల్లాను. మొదట అల్లికలో కళ్లు పెద్దవైపోయి గడ్డంతా జారిపోయింది. విప్పి, నా పిడికిలి పట్టేంత కళ్లతో మళ్లీ అల్లాను. ఎత్తుగా కడితే గుర్రం కళ్లలో నలుసులు పడ్డాయి. కిందికి కడితే కాలు చిక్కుకుంటుందని భయం. చివరికి దాని ఛాతీకి కొంచెం పైన కుదిరింది.

మీ తాత వచ్చి చూశారు.

"ఏటే, గుర్రం కాడ పెరుగు దాత్తన్నావేటి?"

"గడ్డి దాత్తన్నాను. మీరు దీన్ని అమ్మీకుండా."

ఆ రోజు నుంచి మోపు వేసే చోట సగం మోపు సరిపోయింది. గుర్రం ఒక్కో పోచా లాక్కుని తినేది. రాలినదాన్ని గోనెలోకి ఊడ్చి మళ్లీ ఉట్టిలో కూరేదాన్ని.

జల్లులు పడి గట్లమీద గరిక తలెత్తేనాటికి కుప్పలో ఇంకా రెండు చేతుల నిండా గడ్డి ఉంది. మీ తాతని పిలిచి చూపించాను. చెయ్యి అడుగుదాకా పెట్టి తడిమి చూసుకున్నారు. అమ్మకం మాట ఎత్తలేదు.

"ఉట్టి పాతదైపోనాది. ఇంకోటల్లు" అన్నారు.