ఉడుకుపెట్టె బాగుచేసిన మిస్త్రీ

మిస్త్రీ పోయారన్న కబురు మాకు ఏటి చేపలమ్మే ఆమె తెచ్చింది. గంప ఇంకా తల మీదే ఉంది. "పంతులమ్మా, వకీలు సాబు కారు నడిపే మిస్త్రీ లేడూ, పోయిండంట. నాలుగొద్దులు జరమొచ్చింది, గంతే" అన్నది. మట్టి చేసి అప్పటికే మూడు రోజులైందట. ఏరు అవతలి ఊరు కావడంతో మాకు ఆలస్యంగా తెలిసింది. మా అత్త అప్పుడు పప్పు చెరుగుతున్నది. చాట పక్కన పెట్టి, లేచి లోపలికి పోయింది. మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. ఆ చాటలో పప్పు కోళ్ళు తింటుంటే అదిలించాలన్న ధ్యాస నాకూ లేకపోయింది.

ఈ నాలుగు మాటలు చదివేవాళ్ళలో ఆయనను ఎరిగినవాళ్ళు తక్కువే ఉంటారు. వనపర్తిలో, మా ఆత్మకూరులో మోటార్లున్న కొద్దిమందికి తెలుసు. ఆయన కన్నడ సరిహద్దునున్న గట్టు ఊరి దిక్కున, కూలి చేసుకుని బతికే కిరస్తానీ ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రుల వెంట బొంబాయికి మట్టిపనికి పోయి, అక్కడొక మోటారు షెడ్డులో పని నేర్చుకున్నారు. తిరిగొచ్చాక గద్వాల పక్కన ఏటి ఒడ్డునున్న అత్తగారి ఊళ్ళో ఇల్లు కట్టుకున్నారు. భార్య అక్కడే ఉండేది. ఆయన మాత్రం వనపర్తిలో వకీలు గారి దగ్గర కారు నడుపుతూ, దాని మంచిచెడ్డలు చూస్తూ ఉండేవారు.

కన్నడ సరిహద్దు మాట ఒకటి ఆయన నోట మిగిలిపోయింది. ఎవరినైనా తొందరపెట్టాలంటే "బేగ, బేగ" అనేవారు. పనిలో మాత్రం ఆయన తొందరపడగా నేను చూడలేదు. బోల్టులు తిప్పే పాన చేత పట్టేముందు ఇంజన్ మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవారు. "తెల్వనప్పుడు తెల్వదనాలె. తెల్సినట్టు పాన తిప్పితే బోల్టు ఇరుగుతది" అనేవారు. ఈ మాట మా ఇంట్లో సామెత అయిపోయింది. బడిలో లెక్కలు చెప్పేటప్పుడు మా ఆయన కూడా అంటుంటారు.

వకీలు గారు ఆ కారును సికింద్రాబాదులో, సీమకు తిరిగిపోతున్న ఒక తెల్ల అధికారి దగ్గర కొన్నారు. ముందు సీటు కాళ్ళ దగ్గర ఒక నల్లటి ఇనుప పెట్టె, అందులో చిన్న పంకా ఉండేవి. చలి దేశాల్లో కారులో కూర్చున్నవాళ్ళకు వెచ్చటి గాలి కొట్టడానికట. వకీలు గారు దాన్ని హీటర్ అనేవారు. మా ఊరివాళ్ళు ఉడుకుపెట్టె అని పేరు పెట్టి నవ్వుకున్నారు. "పాలమూరు ఎండలు చాలయా? కార్ల కుంపటి గూడ కావాల్నా?" అని ఒకరు, "అత్తగారింటికి పోయేటప్పుడు రొట్టెలు కాల్చుకోవచ్చు" అని ఇంకొకరు. తీరా మీట తిప్పితే దానిలోంచి చల్లగాలే వచ్చేది. అవసరం లేనిది గనుక ఎవరూ పట్టించుకోలేదు.

దాని అవసరం మాకు పడింది.

అంతకు రెండేళ్ళ ముందు నాకు ఎనిమిదో నెలలో మగపిల్లవాడు పుట్టాడు. పుష్యమాసపు చలి. పాలు పట్టడం లేదని ఎడ్లబండిలో గడ్డి పరిచి వనపర్తి దవాఖానకు బయలుదేరాం. మదనాపురం దాటకముందే వాడు నా ఒళ్ళో చల్లబడిపోయాడు. బండి వెనక్కి తిప్పుకుని వచ్చేశాం. ఇంతకంటే ఆ సంగతి రాయలేను.

ఇప్పటికి నాలుగేళ్ళ కిందట, మళ్ళీ చలికాలంలోనే, ఏడో నెల నిండీ నిండకుండా ఆడపిల్ల పుట్టింది. ఏడుపు పిల్లికూన మూలిగినట్టు ఉంది. మంత్రసాని దూదిలో చుట్టి నా చేతికిచ్చి, "పాలు గుంజుతలేదమ్మా. దవాఖానకు తీస్కపొండ్రి. సలి తగిలితే మాత్రం దక్కదు" అన్నది. మా ఆయన బడి పని మీద పాలమూరు పోయి ఉన్నారు. అదృష్టం కొద్దీ వకీలు గారు పొలం పనులు చూసుకోవడానికి ఆత్మకూరు వచ్చి ఉన్నారు. మా అత్త పోయి అడగ్గానే కారు తీయమని మిస్త్రీకి చెప్పారు.

తెల్లవారుతుండగా కారు మా వాకిట్లో ఆగింది. తీరా ఎక్కబోయే వేళకు అత్త గడప దగ్గరే నిలబడిపోయింది. మిస్త్రీ కులంవాళ్ళను మా ఇంటి అరుగు ఎక్కనిచ్చే ఆచారం లేదు. ఉడుకుపెట్టె ఏమన్నా పనిచేస్తుందేమోనని ఇప్పుడు నేను బిడ్డతో ముందు, ఆయన పక్క సీట్లో కూర్చోవాలి.

"వాని పక్కన ఎట్ల కూసుంటవే? జర ఆగు, ఎడ్లబండి కట్టిస్త" అన్నది.

"పోయినసారి ఎడ్లబండ్లనే పోయినం గద అత్తా" అన్నాను.

అత్త గడప దిగింది. వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. మిస్త్రీ తన భుజాన ఉన్న గొంగడి తీసి నా వైపు చాపారు. "బిడ్డకు కప్పుండ్రమ్మా. నిన్ననే ఉతికిన" అన్నారు.

"వద్దు. మా దుప్పటి ఉన్నది" అన్నది అత్త వెనక నుంచి.

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. గొంగడి మడిచి సీటు పక్కన పెట్టుకుని బండి తీశారు.

ఊరు దాటి కొంతదూరం పోయాక ఉడుకుపెట్టె మీట తిప్పారు. పంకా గిర్రున తిరిగింది. నా మోకాళ్ళకు గాలి తగిలింది. చన్నీళ్ళు చల్లినట్టుంది. వెంటనే కట్టేశారు. తలుపు సందుల్లోంచి కూడా చలి కోస్తూనే ఉంది.

"బిడ్డ కాళ్ళు ఎట్లున్నయమ్మా?"

"సల్లగైతున్నయ్ మిస్త్రీ."

ఆయన బండి ఆపారు. అత్త అరిచింది. "ఎందుకాపినవ్? పోనియ్!"

"గిట్లనే పోతే తొవ్వంత సలిలనే పోతం పెద్దమ్మా. జరసేపు నాకియ్యుండ్రి" అని దిగి, ముందు మూత ఎత్తారు. ఇంజన్ నుంచి ఆ పెట్టెలోకి రెండు రబ్బరు గొట్టాలు వస్తాయి. ఒకదానిలో కాగిన నీళ్ళు వచ్చి, రెండోదానిలో తిరిగిపోతాయి. ఆయన రెండింటినీ రెండు చేతులతో పట్టుకుని, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నారు. తరువాత నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"పెట్టెది తప్పు కాదమ్మా. తప్పు నాదే" అన్నారు. "ఎండకాలం ఇంజన్ ఊకె మసులుతుందని లోపటి ఇత్తడి మూత నేనే తీసిన. గా మూత ఉంటే నీళ్ళు కాగేదాంక ఇంజన్లనే ఆగుతయ్. ఇప్పుడు ఆగుతలేవు. ముందటి జల్లెడల తిరిగి సల్లవడుతున్నయ్. ఇగ ఉడుకు ఏడికెల్లి వస్తది?"

ఆ మాటను నేను చాలాసార్లు తలచుకున్నాను. ఆయనను ఎవరూ అడగలేదు. పెట్టె చెడిపోయిందంటే నమ్మేవాళ్ళం. పక్కన కూర్చోవడానికే మేము వెనకాడిన మనిషి, నిర్మానుష్యమైన తొవ్వలో ఆగి, ఇద్దరు ఆడవాళ్ళ ముందు తన తప్పు చెప్పుకుని, మళ్ళీ పనిలో పడ్డారు.

సీటు పక్కనున్న గొంగడి తీసుకున్నారు. "బిడ్డకొద్దంటిరి. ఇంజన్‌కు కప్పుత" అన్నారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉపాయం దొరికిన సంతోషమే ఉంది. కారు ముందున్న జల్లెడకు గొంగడి అడ్డంగా కట్టేశారు. ఇక చలిగాలి తగలదు గనుక నీళ్ళు తొందరగా కాగుతాయట. "ఎక్కువ కాగితే మాత్రం మసిలి బండి ఆగిపోతది. సూస్కుంట పోత" అని మళ్ళీ ఎక్కారు.

ఒక మైలు పోయాక మీట తిప్పారు. మళ్ళీ చల్లగాలే. అప్పటిదాకా మూలుగుతున్న బిడ్డ ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఎట్లాంటిదో నాకు అంతకుముందే ఒకసారి తెలిసింది. వెనక అత్త దేవుళ్ళ పేర్లు ఒకటి వెంట ఒకటి చదువుతున్నది.

వాగు దగ్గర ఆయన మళ్ళీ ఆపారు. ఈసారి గొట్టాలు పట్టుకోగానే కళ్ళు తెరిచారు. "ఒకటి కాలుతుంది, ఇంకోటి సల్లగనే ఉంది! నడుమ గాలి ఇరుక్కున్నదమ్మా. గాలి పోతే నీళ్ళు నడుస్తయ్." ఇంజన్ తిరుగుతుండగానే గొట్టం పట్టీ వదులు చేశారు. బుసబుసమని గాలి వచ్చింది. ఆ వెంటనే మరిగే నీళ్ళు ఆయన మణికట్టు మీద పడ్డాయి. పళ్ళు బిగించారు గాని చెయ్యి తీయలేదు. గొట్టాన్ని లోపలికి నెట్టి, పట్టీ బిగించిన తరువాతనే తీశారు. వాగులోంచి డబ్బాతో నీళ్ళు తెచ్చి, తగ్గినంత మేరా కొద్దికొద్దిగా పోశారు.

మళ్ళీ మీట తిప్పారు. మొదట చల్లగా, ఆ తరువాత చల్లగానో వెచ్చగానో తెలియనట్టుగా, ఇంకా కాసేపటికి గోరువెచ్చగా గాలి వచ్చింది. ఏళ్ళనాటి దుమ్ము కాలిన వాసన వేసింది. నేను గుడ్డ కొంచెం తొలగించి బిడ్డ అరికాళ్ళు ఆ గాలికి పట్టాను. ఎంతసేపో తెలియదు. బిడ్డ కాలు నా వేళ్ళ మధ్య కదిలింది. తరువాత చిన్నగా మూలిగింది.

"వస్తున్నదన్నా, ఉడుకొస్తున్నది!" అని అరిచాను. అంతకుముందు ఆయనను అన్నా అని పిలవలేదు. ఆ రోజు నోట వచ్చిన పిలుపు మళ్ళీ మారలేదు.

వెనక నుంచి అత్త చెయ్యి ముందుకు వచ్చింది. ఆ చేతిలో బిడ్డ కోసం తెచ్చిన ఆముదం సీసా ఉంది. "చెయ్యి సాపు" అన్నది. ఆయన బొబ్బలెక్కిన చెయ్యి చాపితే, తన చెయ్యి తగలకుండా పైనుంచే పోసింది. అప్పటికి ఆమెకు చేతనైంది అంతే.

ఆ తరువాత నీళ్ళు మసలకుండా దారిలో రెండుసార్లు ఆగి గొంగడి ఒక పక్క ఎత్తి కట్టారు. పొద్దెక్కేసరికి వనపర్తి చేరాం. డాక్టరమ్మ బిడ్డను తాకి చూసి, "వెచ్చగ తెచ్చిండ్రు, మంచిపని చేసిండ్రు" అన్నది. మేము దవాఖానలో ఇరవై రోజులకు పైగా ఉన్నాం. బిడ్డ దక్కింది.

వకీలు గారు నలుగురిలో మెచ్చుకోబోతే మిస్త్రీ అడ్డుపడ్డారు. "గా మూత తీసింది నేనే సాబ్" అని మొదటినుంచీ చెప్పారు. పాత బోల్టుల డబ్బా వెతికి ఆ ఇత్తడి మూత మళ్ళీ బిగించారు. అప్పటినుంచి ప్రతి ఎండాకాలం దాన్ని తీసేవారు, కార్తీకం రాగానే పెట్టేవారు. పెట్టినప్పుడల్లా మా వాకిట్లో కారు ఆపి, "మూత పెట్టిన పంతులమ్మా!" అని కేక వేసి పోయేవారు. ఆ కేక వినబడితే మా ఇంట్లో దుప్పట్లు దించేవాళ్ళం.

బిడ్డను తొట్లెలో వేసే నాడు ఆయన వస్తే, అత్త అరుగు మీద తానే చాప పరిచింది.

"ఈడనే మంచిగుంది పెద్దమ్మా" అని ఆయన వాకిట్లోనే నిలబడ్డారు.

"నువ్వు ఎక్కి కూసుంటెనే తొట్లె కట్టేది" అన్నది అత్త.

ఆయన ఎక్కారు. చాప అంచున, లేచి వెళ్ళబోయే మనిషిలా కూర్చున్నారు. వచ్చిన ఆడవాళ్ళలో ఇద్దరు అన్నం తినకుండానే వెళ్ళిపోయారు. తరువాత కూడా చాలాకాలం మా గడప తొక్కలేదు. "తినకుంటె వాళ్ళ కడుపే కాలుతది" అని అత్త ఊరుకుంది.

మా అమ్మాయికి మాటలు వచ్చాక ఆయనను మామా అని పిలిచేది. ఆయన దాన్ని ఎత్తుకుని ఇంజన్ చప్పుడు వినిపించి, "ఏమంటున్నది బండి?" అని అడిగేవారు. "ఆకలైతుందంట" అనేది అది. ఎప్పుడూ అదే జవాబు. ఎప్పుడూ కొత్తగా విన్నట్టే నవ్వేవారు.

ఒకసారి నేను దండం పెట్టి ఏదో చెప్పబోయాను. "నేను చెడగొట్టినదాన్ని నేనే బాగుచేసిన. దానికి దండమెందుకమ్మా?" అన్నారు. ఆ రోజు చెప్పలేకపోయిందే ఇప్పుడిలా రాస్తున్నాను. చెడగొట్టినదాన్ని ఒప్పుకుని బాగుచేసేవాళ్ళు ఎంతమంది ఉంటారన్నా?

కబురు తెలిసిన మర్నాడు అత్త, నేను, అమ్మాయి ఏరు దాటి వాళ్ళ ఊరికి పోయాం. ఆయన భార్యను అంతకుముందు చూడలేదు. సన్నటి మనిషి. మేము ఎవరమో చెప్పకముందే అమ్మాయి గదవ పట్టుకుని చూసి, "గీమెనా? ఇంటికొచ్చినప్పుడల్ల గీమె ముచ్చటే" అన్నది. సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. మధ్యాహ్నం ఆమె చెంబుతో నీళ్ళిస్తే అత్త ఎత్తి గటగటా తాగింది. ఆ ఇంటి నీళ్ళు తాగుతున్న అత్త బిడియపడకూడదని నేను అటు చూడలేదు.

పొద్దు వాలుతుండగా ఆమె మమ్మల్ని రేవు దాకా సాగనంపింది. మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, మా పుట్టిని తానే ఒక తోపు తోసింది. పుట్టి మెల్లగా తిరుగుతూ నడి ఏటికి వచ్చింది. ఆమె ఇంకా ఆ నీళ్ళలోనే నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా వెనక్కి జరగలేదు. అత్త ఆమె వైపు తిరిగి కూర్చుని చెయ్యి ఎత్తింది. అవతలి ఒడ్డున మనిషి ఏదో, రాయి ఏదో తెలియకుండా పోయిన తరువాత కూడా ఆ చెయ్యి దించలేదు.